ఎసైక్లోవిర్ వెనక గెర్ట్రూడ్ ఎలియన్: శత్రువును గుర్తుపట్టే కంటి మందు కథ

2023 జులై 13న దిల్లీలో యమున నీటిమట్టం 208.66 మీటర్లకు చేరింది. అప్పటిదాకా ఆ నది అంత ఎత్తున పారినట్టు రికార్డుల్లో లేదు. వరద తీశాక నగరాన్ని కళ్లకలక పట్టుకుంది. ఇక్కడి జనం దాన్ని ఐ ఫ్లూ అన్నారు. ఎయిమ్స్‌లోని డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ నేత్ర వైద్య కేంద్రానికి రోజుకు వంద మంది దాకా ఎర్రటి కళ్లతో వచ్చారు. నోయిడా, గుర్‌గావ్, ఘాజియాబాద్‌లలోనే కాదు, అదే రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లోనూ కళ్లకలక ఇంటింటికీ తిరిగింది.

ఆసుపత్రి దాకా వెళ్లని వాళ్లు అంతకు ఎన్నో రెట్లు. వాళ్లకు వీధి చివరి మెడికల్ షాపే ఆసుపత్రి. కన్ను చూపించి మందు అడిగితే యాంటీబయాటిక్ చుక్కలో, స్టెరాయిడ్ కలిసిన చుక్కలో చేతికొస్తాయి. ఇది వైరస్ వల్ల వచ్చిందట కదా అంటే ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ ట్యూబు వస్తుంది. వైరస్‌కు వైరస్ మందు, లెక్క సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ వైరస్ వల్ల వచ్చే కళ్లకలకకు ఎక్కువగా కారణం అడెనోవైరస్. దాన్ని ఎసైక్లోవిర్ ఏమీ చేయలేదు. మందు బలం చాలక కాదు. ఆ మందును అలా తయారు చేశారు. ఎందుకు అలా చేశారన్నది గెర్ట్రూడ్ ఎలియన్ జీవితంలో ఉంది.

ఆమె 1918 జనవరి 23న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి లిథువేనియా నుంచి పన్నెండేళ్ల వయసులో వలస వచ్చి, చదువుకుని పళ్ల డాక్టరైనవారు. తల్లి కూడా పద్నాలుగేళ్లకే ఓడెక్కి వచ్చిన యూదు కుటుంబపు అమ్మాయి. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలినప్పుడు తండ్రి కూడబెట్టిందంతా పోయింది. ఎలియన్‌కు పదిహేనేళ్లప్పుడు తాతయ్య కడుపు క్యాన్సర్‌తో నరకయాతన పడి చనిపోయారు. ఆ మంచం పక్క నిలబడ్డ రోజుల్లోనే తాను రసాయనశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నట్టు ఆమె తర్వాత చెప్పుకొన్నారు. హంటర్ కాలేజీలో ఆడపిల్లలకు ఫీజు లేదు కాబట్టి చదువు సాగింది. అది లేకపోతే ఈ కథే లేదు.

1937లో అత్యున్నత శ్రేణిలో పట్టా అందుకున్నారు. పై చదువుకు ఆర్థిక సాయం కోరుతూ పదిహేను విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెడితే ఒక్కటీ ఇవ్వలేదు. అర్హతలన్నీ ఉన్నాయని ఒప్పుకుంటూనే, ల్యాబులో ఆడమనిషి ఉంటే మగవాళ్ల ధ్యాస చెదురుతుందని ఒకచోట ఇంటర్వ్యూలో చెప్పి పంపేశారు. సెక్రటరీ కోర్సులో చేరి ఆరు వారాలకు మానేశారు. నర్సింగ్ విద్యార్థులకు మూడు నెలలు పాఠాలు చెప్పారు. పని నేర్చుకోవచ్చని ఒక కెమిస్టు దగ్గర మొదట జీతం లేకుండా చేరారు. బడిలో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు, వారాంతాల్లో ప్రయోగాలు చేస్తూ 1941లో న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి ఎమ్మెస్సీ పూర్తి చేశారు. ఆ క్లాసులో ఆడవాళ్లు ఆమె ఒక్కరే.

అదే ఏడాది ఆమె పెళ్లాడబోతున్న లియనార్డ్ కాంటర్ గుండె కవాటాలకు బ్యాక్టీరియా సోకి చనిపోయాడు. మరికొన్నేళ్లకే పెన్సిలిన్ మామూలు జనానికి అందింది. అప్పటికే ఉండి ఉంటే ఆ జబ్బు నయమయ్యేది. ఎలియన్ ఆ తర్వాత పెళ్లి చేసుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధానికి మగ కెమిస్టులు వెళ్లిపోవడంతో ల్యాబుల తలుపులు ఆడవాళ్లకు కాస్త తెరుచుకున్నాయి. ఆమెకు మొదట దొరికిన ఉద్యోగం ఒక ఆహార సంస్థలో. పచ్చళ్లలో పులుపు ఎంత ఉందో, మయొనీజ్‌లో వేసే గుడ్డు సొన రంగు సరిగ్గా ఉందో లేదో చూడటం పని. నేర్చుకోవలసింది అయిపోయిందని అనిపించగానే మానేశారు. 1944లో తండ్రి తన క్లినిక్‌కు వచ్చిన మాత్రల శాంపిల్ మీద బరోస్ వెల్‌కమ్ అనే కంపెనీ పేరు చూసి, ఒకసారి అడిగి చూడమన్నారు. న్యూయార్క్ శివార్లలోని టకహోలో ఉన్న ఆ కంపెనీ ల్యాబులో జార్జ్ హిచింగ్స్ ఆమెను వారానికి 50 డాలర్ల జీతంతో తీసుకున్నారు.

బోస్టన్‌లో మొదలైన దారి

హిచింగ్స్ గురించి చెప్పేటప్పుడు తెలుగు పాఠకులు కాస్త పక్కకు చూడాలి. ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధన చేసి 1933లో డాక్టరేట్ పొందారు. అదే ఫిస్కే ల్యాబులో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తర్వాత శరీరానికి శక్తినిచ్చే ఏటీపీని వెలికితీసే పనిలో ఉన్నారు. ఏటీపీలో ప్యూరిన్ అనే రసాయనం ఉంటుంది. ఆ అధ్యయనాల కోసం ప్యూరిన్లను కొలిచే పద్ధతులు తయారు చేయడమే హిచింగ్స్ థీసిస్. అంటే ఎలియన్ తర్వాత నలభై ఏళ్లు నడిచిన దారి సుబ్బారావు పనిచేసిన ల్యాబులోంచే బయల్దేరింది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే అసూయతో బయటికి రానివ్వలేదని, వాటిని ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని హిచింగ్స్ తరువాతి కాలంలో చెప్పారు. తోటి పరిశోధకుడి గురించి అంత నిక్కచ్చిగా మాట్లాడటం ఆ రోజుల్లో అరుదే.

హిచింగ్స్ ఆలోచన ఇది. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏను కొత్తగా కట్టుకోవాలి. ఆ కట్టడానికి ప్యూరిన్లు, పిరిమిడిన్లు ఇటుకలు. అచ్చం ఇటుకలాగే కనిపించే నకిలీ ఇటుక అందిస్తే కట్టడం మధ్యలో ఆగిపోతుంది. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలకు, సూక్ష్మజీవులకు దెబ్బ ముందు తగులుతుంది. డీఎన్‌ఏ ఆకారం ఎలా ఉంటుందో ప్రపంచానికి తెలియడానికి ఇంకా తొమ్మిదేళ్లున్న రోజులవి. ఇటుకల్లో ప్యూరిన్ల వాటా ఎలియన్‌కు వచ్చింది.

రాత్రిపూట బ్రూక్లిన్‌లో పీహెచ్‌డీకి వెళ్లేవారు. కొన్నాళ్లకు డీన్ పిలిచి, ఉద్యోగం మానేసి పూర్తిగా చదువుకు రావాలన్నారు. ఆమె ఉద్యోగాన్నే ఎంచుకున్నారు. పీహెచ్‌డీ ఎప్పటికీ పూర్తి కాలేదు. గౌరవ డాక్టరేట్లు తర్వాత చాలానే వచ్చాయి.

1950ల మొదట్లో ఆమె తయారు చేసిన 6-మెర్కాప్టోప్యూరిన్ పిల్లల రక్త క్యాన్సర్‌ను అదుపులో పెట్టింది. 1953లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల ల్యుకేమియాలో వ్యాధి తిరగబెట్టకుండా నెలల తరబడి ఇచ్చే మాత్రల్లో ఇప్పటికీ రెండు ముఖ్యం. ఒకటి ఎలియన్ చేసిన ఈ మందు. రెండోది మెథోట్రెక్సేట్, సుబ్బారావు నడిపిన లెడర్లే ల్యాబులో పుట్టిన మందుల కుటుంబానికి చెందింది. ఇద్దరి పనీ ఒకే పిల్లవాడి చీటీలో పక్కపక్కన ఉంటుంది. ఆ తర్వాత కిడ్నీ మార్పిడిని సాధ్యం చేసిన అజథయోప్రిన్, గౌట్‌కు వాడే అలోప్యూరినాల్ కూడా ఆమె బల్ల మీదినుంచే వచ్చాయి.

పక్కన పెట్టిన ఒక ఫలితం

1948లోనే ఎలియన్ చేసిన డయామినోప్యూరిన్ అనే పదార్థం వ్యాక్సీనియా వైరస్ పెరుగుదలను అడ్డుకుంటున్నట్టు తేలింది. కానీ అది మనిషి కణాలకూ చేటు చేసేది. ఆమె క్యాన్సర్ వైపు వెళ్లిపోయారు. వైరస్ సంగతి ఇరవై ఏళ్లు పక్కన ఉండిపోయింది.

వైరస్ మనిషి కణంలోకి దూరి, ఆ కణం సరంజామాతోనే తనను తాను అచ్చు వేసుకుంటుంది. దాన్ని చంపబోతే కణమూ చస్తుంది. అందుకే వైరస్‌లకు మందు దొరకదని అప్పట్లో చాలామంది తేల్చేశారు. ఆ నమ్మకానికి మొదటి బీట వేసింది కన్ను. యేల్ విశ్వవిద్యాలయంలో విలియం ప్రూసాఫ్ 1950ల చివర తయారు చేసిన ఐడాక్సురిడిన్‌ను హెర్బర్ట్ కాఫ్మన్ అనే కంటి డాక్టరు హెర్పిస్ పుండ్ల మీద వాడి 1962లో ఫలితం చూపించారు. ఒళ్లంతా పాకితే ప్రమాదమైన ఆ మందు కంటిలో పనికొచ్చింది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియాలో రక్తనాళాలు ఉండవు, పుండు పైపొర మీదే ఉంటుంది, చుక్కలు నేరుగా అక్కడే పడతాయి. అయినా ఐడాక్సురిడిన్‌కు విచక్షణ లేదు. మంచి కణంలోనూ చొరబడుతుంది. ఎక్కువ రోజులు వేస్తే కార్నియా పైపొరే దెబ్బతింటుంది. ఆ తర్వాత వచ్చిన ట్రైఫ్లూరిడిన్ చుక్కలు మెరుగే గానీ వాటినీ 21 రోజులు దాటి వాడకూడదంటారు.

1968లో ఎలియన్ పాత నోటుపుస్తకం వైపు తిరిగారు. డయామినోప్యూరిన్‌కు వేరే రకం చక్కెర జోడించి, ఇంగ్లండ్‌లోని వెల్‌కమ్ ల్యాబులో జాన్ బావర్‌కు పంపారు. హెర్పిస్ మీద అది పనిచేసింది. 1970లో కంపెనీ నార్త్ కరొలైనాకు మారింది. అక్కడ హోవర్డ్ షాఫర్ ఆ చక్కెర వలయంలో సగం తీసేసి చూశారు. ఆ మార్పుల వరుసలో 1974లో ఎసైక్లోవిర్ చేతికొచ్చింది. కణాలకు ఏమీ కావడం లేదు, హెర్పిస్ మాత్రం చస్తోంది. ఇది ఎలా సాధ్యమో తేల్చడానికి ఎలియన్ బృందం మరికొన్నేళ్లు పట్టింది. 1977, 78లలో వివరాలు లోకానికి చెప్పారు.

ఆ వివరమే మన ట్యూబు గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం. ఎసైక్లోవిర్ లోపలికి వెళ్లినప్పుడు నిద్రపోతున్న మందు. అది మేల్కోవాలంటే మూడు ఫాస్ఫేట్లు తగలాలి. మొదటి ఫాస్ఫేట్‌ను తగిలించే పని హెర్పిస్ వైరస్ తన వెంట తెచ్చుకునే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్ చేస్తుంది. మిగతా రెండింటినీ మన కణమే తగిలిస్తుంది. అప్పుడు ఆ నకిలీ ఇటుక వైరస్ డీఎన్‌ఏలో చేరి, తర్వాతి ఇటుక అతకకుండా చేస్తుంది. వైరస్ లేని కణంలో మొదటి ఫాస్ఫేటే దాదాపు పడదు, మందు నిద్ర లేవదు. శత్రువు తాళంచెవితోనే శత్రువు మీద తలుపు మూయడం ఇది. అడెనోవైరస్‌కు ఆ తాళంచెవి లేదు. అందుకే ఐ ఫ్లూ కంట్లో ఎసైక్లోవిర్ ఎంత పెట్టినా అది నిద్రలోనే ఉంటుంది. కాస్త మంట, చూపు మసక, డబ్బు ఖర్చు తప్ప మిగిలేది లేదు. అడెనోవైరస్ కళ్లకలకకు ఆమోదం పొందిన యాంటీవైరల్ మందు ఇప్పటికీ రాలేదు. చల్లటి గుడ్డ, కన్నీటి చుక్కలు, విడి తువ్వాలు, చేతులు కడుక్కోవడం, ఒకటి నుంచి మూడు వారాల ఓపిక, ఇంతే.

కొత్త మందును మొదట పరీక్షించిన చోట్లలో మళ్లీ కన్నే ఉంది. లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రిలో బ్యారీ జోన్స్ బృందం హెర్పిస్ కార్నియా పుండ్ల మీద ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ పనితీరును 1979లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది.

హెర్పిస్ కన్ను వేరు

ఇక్కడ ఎలియన్ కథను కాసేపు ఆపడం తప్పదు. ఎందుకంటే పొరపాటు రెండు వైపులా జరుగుతోంది. కళ్లకలకకు ఎసైక్లోవిర్ వేసుకోవడం వృథా మాత్రమే. హెర్పిస్ కన్నును కళ్లకలక అనుకుని స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం చూపు పోగొట్టే పని.

కళ్లకలక సాధారణంగా ఒక కంట్లో మొదలై నాలుగు రోజుల్లో రెండో కంటికి పాకుతుంది, ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది. హెర్పిస్ ఎక్కువగా ఒకే కంటికి వస్తుంది. వెలుతురు చూడలేకపోవడం, నీరు కారడం, చూపు మసకబారడం ఉంటాయి. రెప్ప మీద చిన్న నీటి పొక్కులు ఉండొచ్చు. వైరస్ కార్నియా నరాలను మొద్దుబారుస్తుంది కాబట్టి నొప్పి తక్కువగా ఉండి మోసం చేయడమూ ఉంది. ఇవన్నీ ఉన్నా అద్దం ముందు నిలబడి తేల్చుకునే సంగతి కాదిది. డాక్టరు కంట్లో ఫ్లోరెసిన్ రంగు వేసి స్లిట్ ల్యాంప్ నీలి కాంతిలో చూస్తే, కొమ్మలు చాచిన చెట్టులాంటి పుండు పచ్చగా వెలుగుతుంది. ఆ చెట్టు కనిపించాకే ఎసైక్లోవిర్‌కు పని.

అలాంటి పుండు మీద ఒంటరిగా స్టెరాయిడ్ పడితే ఎరుపు రెండు రోజుల్లో తగ్గి హాయిగా ఉంటుంది. లోపల పుండు మాత్రం వెడల్పవుతూ పోతుంది. మానాక కార్నియా మీద మచ్చ మిగులుతుంది. మన పెద్దవాళ్లు కంట్లో పువ్వు వేసిందనే వాళ్లు. కొందరికి కార్నియా మార్పిడి దాకా వెళ్తుంది, ఆ కొత్త కార్నియాకూ వైరస్ తిరగబెట్టొచ్చు. వ్యాధి కార్నియా లోపలి పొరలకు దిగినప్పుడు డాక్టర్లే స్టెరాయిడ్ ఇస్తారు. అది యాంటీవైరల్ రక్షణ మధ్య, కొలిచి, క్రమంగా తగ్గిస్తూ ఇచ్చేది. చీటీ లేకుండా అమ్మకూడని ఈ చుక్కలు అడిగితే చాలు దొరకడం దిల్లీలోనూ హైదరాబాద్‌లోనూ ఒకటే తీరు.

ఎసైక్లోవిర్ రాసి ఇచ్చాక వాడే పద్ధతి కష్టమేమీ కాదు, క్రమం తప్పకపోవడమే కష్టం. కంటికి వాడేది 3 శాతం ఆయింట్‌మెంట్. చర్మానికి రాసే 5 శాతం క్రీమును కంట్లో పెట్టకూడదు. పేరు ఒకటే కావడంతో ట్యూబులు మారిపోతుంటాయి. చేతులు కడుక్కుని, కింది రెప్పను లాగి, సెంటీమీటరు పొడవున మందు పెట్టాలి. ట్యూబు మూతి కంటికి తగలకూడదు. రోజుకు ఐదుసార్లు, దాదాపు నాలుగు గంటలకోసారి. పుండు మానిందని డాక్టరు చెప్పాక కూడా కనీసం మూడు రోజులు కొనసాగించాలి. మధ్యలో ఎరుపు తగ్గిందని ఆపేయకూడదు, మిగిలింది కదా అని నెలల తరబడి రాసుకోనూ కూడదు. పెట్టిన కాసేపు చూపు మసకగా ఉంటుంది, అప్పుడు బండి నడపొద్దు. వేరే చుక్కలు కూడా ఉంటే అవి ముందు, ఐదు పది నిమిషాలు ఆగి ఆయింట్‌మెంట్ తర్వాత. కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి. తెరిచిన ట్యూబును నెల దాటాక పారేయాలి, ఇంకొకరికి ఇవ్వొద్దు. గాన్సిక్లోవిర్ జెల్ రాసిస్తే లెక్క వేరు: పుండు మానేదాకా రోజుకు ఐదుసార్లు, తర్వాత ఏడు రోజులు మూడేసిసార్లు.

కొందరికి మాత్రలు ఇస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. నుదుటి మీద ఒకవైపే మంటతో పొక్కులు వచ్చి, అవి ముక్కు కొన దాకా దిగితే అది హెర్పిస్ జోస్టర్. కంటికి ఎరుపు రాకముందే పరుగెత్తాల్సిన సందర్భం. మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువ. దానికి ఆయింట్‌మెంట్ ట్యూబు చాలదు.

ఎలియన్ 1983లో రిటైరయ్యారు. అంతకు ముందే, 1967 నుంచి, తన సొంత విభాగానికి అధిపతిగా ఉన్నారు. ఎసైక్లోవిర్ దారి చూపడంతో వైరస్‌కు మందు లేదన్న మాట చెల్లకుండా పోయింది. ఆమె పెంచిన బృందమే కొద్ది ఏళ్లకు ఎయిడ్స్‌కు మొదటి మందు ఏజెడ్‌టీని పరీక్షించి 1987లో అనుమతి దాకా తీసుకెళ్లింది. 1988లో హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిసి ఆమెకు వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటికి ఆమె వయసు 70. పీహెచ్‌డీ లేకుండా నోబెల్ అందుకున్న అతి కొద్దిమంది శాస్త్రవేత్తల్లో ఆమె ఒకరు. బహుమతి కంటే, ఆమె మందుతో బతికిన పిల్లల తల్లిదండ్రులు, కిడ్నీ మార్పిడి చేయించుకున్న వాళ్లు రాసిన ఉత్తరాలనే ఆమె పదిలంగా చూసుకునేవారు. చివరి ఏళ్లలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థులకు పరిశోధన నేర్పుతూ గడిపారు. ఆపెరా అంటే ప్రాణం, కెమెరా పట్టుకుని దేశాలు తిరగడం సరదా.

1998 జులైలో అమెరికాలోని హెర్పిస్ కంటి వ్యాధి అధ్యయన బృందం 703 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు బయటపెట్టింది. అంతకుముందు ఏడాదిలో కంటికి హెర్పిస్ వచ్చినవాళ్లకు 400 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ మాత్ర రోజుకు రెండుసార్లు, ఏడాది పాటు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 32 శాతం మందికి వ్యాధి తిరగబెట్టగా, మందు తీసుకున్నవాళ్లలో అది 19 శాతమే. తరచూ తిరగబెట్టే కళ్లకు ఇప్పుడు ఎయిమ్స్‌లోనైనా, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లోనైనా దీర్ఘకాలం మాత్రలు రాయడానికి ఆధారం ఆ పరీక్షే. అది ప్రచురితమైన ఏడు నెలల్లోపే, 1999 ఫిబ్రవరి 21న, నార్త్ కరొలైనాలోని చాపెల్ హిల్‌లో ఎలియన్ కన్నుమూశారు. వయసు 81.